కుదువ కొట్టులో గిటారు

బంగారు గొలుసును పెట్టెలో పెట్టి తాళము వేసి, పదేండ్ల తరువాత తీసినను అది అదే గొలుసు. తూకములో గురివింద గింజ యెత్తు తేడా రాదు. వెండి నల్లబడవచ్చును, కంచు చెంబునకు చిలుము పట్టవచ్చును. చింతపండుతో తోమిన రెండును మరల మెరయును. కుదువ వ్యాపారము ఇట్టి వస్తువులను నమ్ముకొని పుట్టినది. ఋణము తీరువరకు మారక యుండునదే మంచి కుదువ. అయితే కుదువ కొట్టు అలమారలో, ఇత్తడి బిందెలకును కుట్టుమిషనుకును నడుమ, ఎప్పుడైన ఒక గిటారు కనబడవచ్చును. అది అక్కడ ఉన్నంతకాలము మారుచునే యుండును. దానిని కొనువాడు, అది ఆ చీకటిలో గడిపిన కాలమునకు కూడ వెల చెల్లించును.

శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ వంటి ఊరిలో ఈ సంగతి మరింత త్వరగా తెలియును. హౌరా నుండి మద్రాసు పోవు పెద్ద రైలుమార్గము మీద టెక్కలికి సమీపమున నున్న కూడలి స్టేషను ఇది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్నరైలు 1900లో ఇక్కడినుండియే నడువ మొదలుపెట్టినది. 2004లో ఆ చిన్నరైలును ఆపి మార్గమును వెడల్పు చేసినారు. ఊరి చుట్టును ఉప్పుమళ్ళు. సముద్రపు నీరు మళ్ళలో ఎండి తెల్లని పొరగా పేరుకొనును. గాలి కూడ కొంత ఉప్పును మోసికొని వచ్చును. కిటికీ చువ్వలు, సైకిలు గొలుసు, తలుపు బందులు ఈ సంగతికి సాక్ష్యము చెప్పును. అట్టి గాలిలో ఉక్కుతీగల వాద్యమొకటి సంవత్సరము పాటు మూతబడి యుండిన ఏమగును? సమాధానము కొంత రసాయన శాస్త్రములోను, కొంత సంగీత చరిత్రలోను, కొంత, ఆశ్చర్యముగా తోచినను, న్యాయశాస్త్రములోను ఉన్నది.

న్యాయశాస్త్రముతోనే మొదలుపెట్టవలెను. గిటారు కొట్టులో కనీసము ఎంతకాలము పడియుండవలెనో నిర్ణయించినది అదే.

మన ధర్మశాస్త్రములు కుదువను ‘ఆధి’ యన్నవి. యాజ్ఞవల్క్యస్మృతి దానిని రెండు విధములుగా చూచినది. ఋణదాత కేవలము దాచియుంచవలసినది గోప్యాధి. పొలము వలె వాడుకొని ఫలమనుభవింపదగినది భోగ్యాధి. దాచవలసిన వస్తువును వాడుకొన్నవానికి వడ్డీ రాదని శాసనము. అప్పు వడ్డీతో రెట్టింపైనను విడిపింపకున్న కుదువ చేజారిపోవుననియు అందే కలదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన తెనుగు చేసెను. కనుక ఈ విచారము తెలుగువారికి ఏడువందల ఏండ్లనాడే తెలుగుమాటలలో అందినది. స్మృతికర్తల కన్ను పొలము మీదను, పశువు మీదను ఉన్నంతగా వీణ మీద ఉన్నట్లు తోచదు. వాద్యమును దాచవలెనా, వాయింపవలెనా? దాచుటయే న్యాయము, కాని దాచుట వలననే చెడు వస్తువు అది.

ఐరోపాలో 1462లో ఇటలీలోని పెరూజియా నగరమున క్రైస్తవ సన్న్యాసులు బీదలకొరకు కుదువ నిధి నొకదానిని స్థాపించిరి. ఇంగ్లండులో 1872 నాటి కుదువ వ్యాపారుల చట్టము గడువును పండ్రెండు నెలల ఏడు దినములుగా నిర్ణయించెను. పది షిల్లింగుల లోపు అప్పుకు పెట్టిన వస్తువు గడువు దాటిన వ్యాపారిదే యగును. అంతకు మించినదానిని బహిరంగముగా వేలము వేయవలెను. అదే 1872లో భారత కాంట్రాక్టు చట్టము వచ్చినది. ఇతరుల వస్తువును తనయొద్ద ఉంచుకొన్నవాడు, వివేకము గలవాడు తన సొంత వస్తువును చూచుకొన్నట్లు దానిని చూడవలెనని ఆ చట్టపు 151వ విభాగము. అప్పు తీరనప్పుడు తగిన నోటీసు ఇచ్చిన తరువాతనే కుదువను అమ్మవచ్చునని 176వ విభాగము. శ్రీకాకుళపు ప్రాంతము మద్రాసు రాష్ట్రములో నుండగా 1943లో మద్రాసు కుదువ వ్యాపారుల చట్టము వచ్చి, లైసెన్సును, రసీదును, వేలమును కట్టుదిట్టము చేసెను.

ఈ చట్టములన్నియు అప్పుపడినవాని మేలు కోరినవే. విడిపించుకొనుటకు వానికి వ్యవధి కావలెను. ఈ వ్యవధి యొక్క విలువ వాద్యకారునికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. పెండ్లిండ్లలో వాయించువానికి మూఢము వచ్చిన పని ఉండదు. అట్టి రోజులలో ఇంట బంగారము లేనిచో కుదువకు పోవునది అన్నము పెట్టు వాద్యమే. అది పోయిన తరువాత, విడిపించుటకు కావలసిన సంపాదన కూడ దానితోనే పోవును. కమ్మరి కొలిమిని కుదువ పెట్టుట వంటిది ఇది. గడువు దాటి వేలమునకు వచ్చిన ప్రతి గిటారు వెనుకను ఇట్టి లెక్క ఒకటి తప్పియుండును. కొనువానికి మాత్రము తెలియవలసినది మరొకటి: చట్టము ప్రకారము నడచిన కొట్టులో అమ్మకమునకు వచ్చిన గిటారు కొన్ని నెలలో, తరచుగా ఒక సంవత్సరమో తెరవబడక యుండినదని.

ఇక ఆ సంవత్సరములో జరుగునదేమి?

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును. స్వచ్ఛమైన సోడియం క్లోరైడు సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటినపుడు మాత్రమే తేమను పీల్చి కరగిపోవును. అయితే సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలసియుండును. దీనికి 33 శాతము చాలును. వంటింటిలో రాతి ఉప్పు జాడి వానకాలమున నీరుగారుటకు కారణమిదియే. నౌపడ గాలిలోని ఉప్పురేణువు ఉక్కుతీగ మీద వాలినచో, గాలి పొడిగా నున్నట్లు తోచిన దినమున కూడ దాని చుట్టును కంటికానని ఉప్పునీటి పొర యొకటి నిలిచియుండును. ఇనుమునకు నీరును ప్రాణవాయువును చాలును తుప్పు పట్టుటకు. ఉప్పు కలసిన నీరు విద్యుద్వాహకము గనుక ఆ పని వేగిరమగును. తీగలు ముందు గరుకెక్కి తరువాత తెగును. గిటారు మెట్లు సామాన్యముగా జర్మను సిల్వరుతో చేయుదురు. పేరులో వెండి యున్నను అందు వెండి లేదు. రాగి, జింకు, నికెలు మాత్రమే. ఇందలి రాగికి ఆకుపచ్చని చిలుము పట్టును. తీగలు బిగించు మరల పండ్లు బిరుసెక్కును.

చూచుటకు ఇదంతయు భయంకరముగా నుండును. కాని నిజమునకు ఇది చాల చిన్న నష్టము. తీగలను ఎట్లును మార్చవలసినదే. చిలుమును గుడ్డతో తుడువవచ్చును. మరలకు చుక్క నూనె చాలును. అసలు నష్టము చెక్కలో జరుగును. అది కంటికి కనబడదు.

చెక్క చచ్చిన చెట్టుదైనను గాలితో ఇచ్చిపుచ్చుకొనుట మానదు. సాపేక్ష ఆర్ద్రత 30 శాతము ఉన్నపుడు చెక్క బరువులో సుమారు 6 శాతము నీరుండును; 80 శాతమైనపుడు అది 16 శాతము వరకు పోవును. ఆ నీటితో చెక్క ఉబ్బును, నీరు పోయిన ముడుచుకొనును. విశేషమేమనగా, నార పొడవున ఈ మార్పు దాదాపు శూన్యము. నారకు అడ్డముగా మాత్రము స్పష్టముగా నుండును. గిటారు పైపలక రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందము. దాని అడుగున అడ్డముగను ఏటవాలుగను సన్నని దబ్బలు అంటించియుండును. పలక ఉబ్బుచుండగా దబ్బ ఉబ్బకుండ పట్టుకొనును. ఈ పెనుగులాటలో పలక పొట్టవలె పొంగును, లేదా జిగురు విడును. ఆ జిగురు పాతకాలపుదైనచో పశువుల తోళ్ళను ఉడికించి తీసినదై యుండును. వేడియు తేమయు కలిసినచో అది మెత్తబడును. రేకుల కప్పు క్రింద, రోహిణీకార్తెలో, సముద్రతీరమున నున్న పెట్టెలో ఈ రెంటికిని కొరత యుండదు.

దీనికితోడు తీగల లాగుడు కలదు. ఇక్కడ గిటారు చరిత్రను కొంచెము తెలిసికొనవలెను.

స్పెయిను దేశపు గిటారుకు మొదట ప్రేగుతీగలుండెడివి. ఆంటోనియో డి టోరెస్ అను శిల్పి (1817-1892) దానికి నేటి రూపమును, పైపలక క్రింద విసనకర్ర ఈనెల వలె దబ్బలు పరచు పద్ధతిని స్థిరపరచెను. వాద్యపు నాదము పైపలకనుండియే పుట్టునని రుజువు చేయుటకు ఆయన 1862లో ఒక గిటారును చేసెను. దాని పైపలక మాత్రమే మంచి చెక్క. ప్రక్కలు, వెనుక భాగము వట్టి కాగితపు అట్ట. అది చక్కగా పలికినది. నేడు బార్సెలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. కుదువ కొట్టులో గిటారును త్రిప్పి, దాని వెనుక చెక్క నిగనిగను చూచి మురిసిపోవు కొనుగోలుదారు ఈ అట్ట గిటారును ఒకసారి తలచుకొనుట మంచిది.

1833లో జర్మనీ నుండి న్యూయార్కుకు వలసపోయిన మార్టిన్ అను శిల్పి కార్ఖానాలో, 1840 ప్రాంతమున దబ్బలను గుణకారపు గుర్తు వలె అమర్చు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. అప్పుడు తీగలు ప్రేగువే. కాని ఉక్కుతీగలు వచ్చినపుడు వాని లాగుడుకు ఓర్చినది ఈ అమరికయే. 1920 తరువాత అమెరికాలో ఉక్కుతీగల గిటారు సామాన్యమైనది. దండి వంగకుండ లోపల ఉక్కు ఊచను అమర్చి, మరతో బిగించు ఉపాయమునకు గిబ్సన్ కంపెనీ 1923లో పేటెంటు పొందెను. స్పానిషు గిటారు వేరుదారి పట్టినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రేగుదారము శస్త్రచికిత్సలో కుట్లకు పోవుటచే తీగలకు కరవు వచ్చెను. యుద్ధానంతరము ఆల్బర్ట్ ఆగస్టిన్ నైలాను తీగలను చేసి, సెగోవియా వంటి విద్వాంసులచేత ఒప్పించెను.

ఈ రెండు జాతుల భేదము అంకెలలో చూచిన స్పష్టమగును. ఆరు నైలాను తీగల లాగుడు మొత్తము సుమారు 40 కిలోగ్రాముల బరువుకు సమానము. ఉక్కుతీగలైనచో 70 కిలోగ్రాములు దాటును; అనగా ఒక నిండు మనిషి ఆ సన్నని పలక మీది గుర్రమును పట్టుకొని రాత్రింబవళ్ళు వ్రేలాడినట్లు. నైలాను కొరకు చేసిన గిటారుకు ఉక్కుతీగలు తొడిగి, సుతిలో బిగించి, కుదువ కొట్టులో ఒక సంవత్సరము ఉంచినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. తీగలను వదులు చేసి దాచుమని వ్యాపారికి ఏ చట్టమును చెప్పలేదు. 151వ విభాగము కోరిన వివేకవంతుడు బంగారమును తూచగలవాడే కాని సుతి ఎరిగినవాడై యుండవలెనను నియమము లేదు.

మన తీరమునకు గిటారు వచ్చిన దారిని గూర్చి ఒక మాట. విదేశీ వాద్యము ఇక్కడ ఇంటిదగుట కొత్త కాదు. 1919లో విజయనగరమున మహారాజావారు సంగీత కళాశాలను స్థాపించినపుడు, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైన ఆ సంస్థలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు వాయులీనమును బోధించిరి. వాయులీనమునకు మెట్లు లేవు. వ్రేలు జారినచోటనెల్ల గమకము పలుకును. గిటారుకు మెట్లున్నవి, అవియు కదలనివి. అందుచే అది శాస్త్రీయ సభలలో చాలకాలము బయటనే నిలిచినది. కలకత్తాకును వాల్తేరుకును నడుమ బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగులుగా నుండిన ఆంగ్లో-ఇండియను కుటుంబముల వినోదశాలలు, క్రైస్తవ ప్రార్థనాలయములు దానికి మొదటి విడుదులైనవనుకొనుట సహజము. నౌపడ ఆ రైలుదారి మీదనే యున్నది.

గిటారుకు రెండవ దారి హవాయి ద్వీపములనుండి వచ్చినది. 19వ శతాబ్ది చివర జోసఫ్ కెకూకూ అను హవాయి యువకుడు గిటారును ఒడిలో పరుండబెట్టి, తీగల మీద ఉక్కుకడ్డీని జార్చి వాయించు పద్ధతిని ప్రచారము చేసెను. కడ్డీ జారునపుడు మెట్లతో పని లేదు. అడ్డు తొలగినది! 1940 ప్రాంతమున టావ్ మో అను హవాయి విద్వాంసుని కుటుంబము కలకత్తాలో నివసించినది. వంగదేశమున ఈ వాద్యము ఇంటింట వినబడినది. తరువాత బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిపై రాగములను పలికించెను. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరసియాలతో కలిసి ఆయన వాయించిన గ్రామఫోను రికార్డు దేశమంతట వినబడినది. విశ్వమోహన్ భట్ తన మోహనవీణకు 1994లో గ్రామీ బహుమానమందెను. కుదువ కొట్టులో గిటారు కొనువానికి ఈ కథతో పని యేమనగా, సామాన్యపు స్పానిషు గిటారుకే తల దగ్గర మేరువును ఎత్తు చేసి, ఉక్కుతీగలు తొడిగి, హవాయి గిటారుగా వాడిన వాద్యములు కలవు. తీగలు అంత ఎత్తున నున్న గిటారును చూచి దండి వంగినదనుకొనుట ఒక పొరపాటు. మేరువును దించినంత మాత్రమున బాగగుననుకొనుట రెండవ పొరపాటు. నిజముగా వంగియు ఉండవచ్చును.

మెట్ల సంగతి వచ్చినది గనుక దానిని తేల్చుకొందము. గిటారును కొనునపుడు అసలైన పరీక్ష ఇక్కడనే యున్నది. మెట్టు ఎక్కడ ఉండవలెను? తెలుగువారికి ఈ ప్రశ్న పాతది. 1550లో విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమునందున్న రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో వీణ మెట్ల స్థానములను చర్చించెను. రాగమునకొకసారి మెట్లు జరుపుకొను ఏకరాగమేళ వీణను, అన్ని రాగములకును నిలిచిన మెట్లుండు సర్వరాగమేళ వీణను ఆయన వేరుచేసి చెప్పెను. ముప్పదియొక్క ఏండ్ల తరువాత, 1581లో, ఇటలీలో విన్సెంజో గలీలీ, అనగా ఖగోళశాస్త్రజ్ఞుడైన గెలీలియో తండ్రి, ల్యూటు వాద్యమునకు సులభసూత్రమొకటి ప్రకటించెను: మిగిలిన తీగ పొడవులో పదునెనిమిదవ భాగము కొలిచి మెట్టు వేయవలెను, మరల మిగిలినదానిలో పదునెనిమిదవ భాగము, ఇట్లే పండ్రెండు మారులు. 1584లో చైనా రాజవంశీయుడు జూ జైయూ సరియైన అంకెనే కనుగొనెను: రెండునకు పండ్రెండవ మూలము, 1.059463. ఈ అంకె ప్రకారమైన భాగించవలసినది 18తో కాదు, 17.817తో.

తేడా ఎంత? తీగ పొడవు 65 సెంటీమీటర్లనుకొందము. పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, 32.5 సెంటీమీటర్ల దగ్గర ఉండవలెను. గలీలీ సూత్రమున గుర్రమునుండి అది 32.74 దగ్గర పడును. దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. అయితే తీగను మెట్టు మీద నొక్కినపుడు అది కొంచెము సాగి స్వరము హెచ్చును. కనుక గలీలీ లోపము ఈ హెచ్చును కొంత సరిదిద్దెడిది. వడ్రంగులు ఆ సూత్రమును శతాబ్దములు వాడినారన్న వింత యేమున్నది! సరియైన అంకెతో మెట్లు వేయు నేటి కార్ఖానాలు ఈ హెచ్చు కొరకే గుర్రమును ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనుకకు జరుపును.

వీణకు ఈ చిక్కు లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనస దూలమును తొలిచి చేయు వీణ మీద ఇరువదినాలుగు మెట్లును మైనములో నిలుపుదురు. ఎండకు మైనము మెత్తబడి మెట్టు జరిగినచో మేళము కట్టువాడు వచ్చి, మైనమును వెచ్చచేసి, చెవితో విని, మెట్టును మరల దానిచోట కూర్చుండబెట్టును. పాత వీణను కొనువాడు మెట్లు చెడినవని వెనుదీయడు. గిటారు మెట్టు మాత్రము చెక్కలో కోసిన గాడిలో కొట్టబడినది. దండి వంగినను, పలక పొంగినను, గుర్రము జరిగినను మెట్టు జరుగదు; స్వరమే తప్పును.

ఇప్పుడు కొట్టులోనికి పోవచ్చును. టెక్కలి కళాశాల విద్యార్థి యొకడు, ఫీజులు పోగా మిగిల్చిన సొమ్ముతో నిలుచున్నాడనుకొందము. కొట్టు యజమాని గిటారును తుడిచి, వార్నీషు మెరపు చూపి, “కంపెనీ సరుకు బాబూ” అనును. విద్యార్థి తన జేబులో ఒక పోస్టుకార్డును, ఒక స్కేలును ఉంచుకొనిన చాలును.

మొదట గుర్రమును చూడవలెను. తీగలు గుర్రమునకే ముడివేసియుండి, ఆ తీగలు ఉక్కువైనచో అది నైలాను గిటారు. దానిమీద అధికభారము పడినదని గ్రహింపవలెను. గుర్రము వెనుక అంచున కాగితపు మూల లోనికి దూరినచో జిగురు విడుచున్నది. గుర్రము వెనుక పలక మీద స్కేలును అడ్డముగా నిలిపిన పొంగు తెలియును. ఉక్కుతీగల గిటారుకు కొద్దిపొంగు సహజమే. పిమ్మట లావుతీగను మొదటి మెట్టు మీదను, పదునాల్గవ మెట్టు మీదను ఒకేసారి నొక్కవలెను. బిగించిన తీగ తిన్నని గీత గనుక అదియే కొలబద్ద. నడుమ ఏడవ మెట్టుకును తీగకును సందు పోస్టుకార్డు మందమంత యుండిన దండి బాగున్నది. రెండు మూడు కార్డులు పట్టినచో వంగినది. లోపల ఉక్కు ఊచ యున్నచో త్రిప్పి సరిచేయవచ్చును. లేనిచో, లేదా దండి మొదటనే కీలు కదలినచో, మరమ్మతు ఖర్చు గిటారు వెలను మించును.

తరువాత పండ్రెండవ మెట్టు. తీగను మెట్టు పైన వ్రేలి కొనతో తాకి, మీటి, వెంటనే వ్రేలు తీసినచో గంటవంటి పైస్థాయి స్వరము వినబడును. తీగ సగమున నిలిచి రెండు భాగములుగా కంపించుట వలన పుట్టినది అది. అదే మెట్టు మీద తీగను నొక్కి మీటవలెను. రెండు స్వరములును కలిసినచో వాద్యపు జ్యామితి చెడలేదు. నొక్కిన స్వరము హెచ్చుగా నున్నచో ఎక్కడో ఏదో జరిగినది. తుప్పు తీగలు కూడ ఈ పరీక్షలో తప్పు చెప్పును గనుక, ఒక కొత్త తీగను వెంట తీసికొనిపోయి తొడిగి చూచుట మేలు. దానికి వ్యాపారి విసుగుకొనిన విసుగుకొననిండు.

చివరకు పలకను వ్రేలితో అక్కడక్కడ తట్టి వినవలెను. లోపలి దబ్బ విడినచోట గలగలమని చప్పుడు వచ్చును. తీగ మీటినపుడు జుమ్మని రొద వచ్చినచో కారణమును గుర్రము మీది ఎముక అంచులో కూడ వెదకవలెను. తంబురకు ఇదియే అందము. దాని గుర్రము వెడల్పుగా, వంపుగా నుండి, తీగ కంపించినపుడెల్ల ఆ వంపును తాకుచుండును. జీవాళి దారమును జరిపి ఆ తాకిడిని సరిచేయుదురు. 1921లో చంద్రశేఖర వేంకట రామన్‌గారు దీనిని పరిశోధించిరి. తీగను ఏ బిందువున మీటినామో ఆ బిందువున నిశ్చలముగా నుండు అనుస్వరములు వినబడరాదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల సూత్రము. వీణా తంబురలలో అవి కూడ వినబడుచున్నవని, దానికి కారణము ఆ వంపు గుర్రమేనని రామన్‌గారు చూపిరి. ఆయన బాల్యము గడచినది ఈ తీరముననే, విశాఖపట్నములోని ఏ.వి.ఎన్. కళాశాలలో తండ్రిగారు అధ్యాపకులు, వాయులీనము వాయించువారు. గిటారు గుర్రము సన్నని అంచు గలది. ఏండ్ల వాడుకచే ఆ అంచు అరిగి చదునైనపుడు గిటారు తంబురవలె జుమ్మనును. కొత్త ఎముక ముక్కతో పోవు దోషమిది. దీనిని చూపి బేరమాడవచ్చును, భయపడనక్కరలేదు.

ఇంతలో యజమాని చివరి మాట వినిపించును: పాతది గనుక నాదము ముదిరినది, వెల ఎక్కువ. ఈ మాట కుదువ కొట్టులోనే కాదు, పెద్ద విద్వాంసుల నోటను వినబడునదే. 2010లో ఇండియానాపోలిస్ నగరమున ఇరువదియొక్క మంది వాయులీన విద్వాంసులకు చీకటి కళ్ళద్దములు పెట్టి, స్ట్రాడివేరి వంటి ప్రాచీన శిల్పుల వాద్యములు మూడును, కొత్తవి మూడును చేతికిచ్చిరి. క్లాడియా ఫ్రిట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు ఈ పరీక్షకు ముఖ్యురాలు. ఎక్కువమంది మెచ్చినది కొత్తదానినే. ఏది పాతదో ఏది కొత్తదో పోల్చలేకపోయిరి. 2012లో పారిస్ దగ్గర పదిమంది ప్రసిద్ధ విద్వాంసులతో పన్నెండు వాద్యముల మీద జరిపిన పరీక్షయు అట్లే తేలినది. శతాబ్దముల స్ట్రాడివేరికే వయస్సు వలన అదనపు వెల శాస్త్రము ఇయ్యలేనపుడు, ఉప్పుగాలిలో పదేండ్లున్న కార్ఖానా గిటారుకు ఇయ్యవలసిన పని లేదు.

కొట్టులో అలమారముందు నిలుచున్న వానికి వెల విషయమున ఒక విచిత్రము కనబడును. తుప్పు తీగలు, చిలుము, గీతలు చూచి వ్యాపారి తగ్గించు సొమ్మునకును, ఆ లోపములను తొలగించుటకు అగు ఖర్చునకును పొంతన ఉండదు; తగ్గింపే ఎక్కువ. నిగనిగలాడు గిటారులో వంగిన దండికి అతడు తగ్గించునది ఏమియు లేదు, అతనికే తెలియదు గనుక. కనుక తుప్పు పట్టి, తిన్నని దండి గలిగినది కొనవలెను. రసీదు తప్పక తీసికొనవలెను. కుదువ పెట్టినవాని గడువు తీరినదని వ్రాతలో నుండుట ఇద్దరికిని క్షేమము.

కొన్న గిటారును నౌపడకు తెచ్చిన తరువాత కావలసినది తేమను కనిపెట్టుట. గిటారు చెక్కకు హితమైన సాపేక్ష ఆర్ద్రత 45 నుండి 55 శాతము. వాయింపనపుడు తీగలను ఒక స్వరము దించి, గుడ్డతో తుడిచి, పెట్టెలో మూయవలెను. తేమను కొలుచుటకు చిన్న చిన్న ఆర్ద్రతామాపకములు బజారులో దొరకును. చౌకవి తరచుగా పది శాతము వరకు తప్పు చూపును. వానిని సరిచూచుటకు ఉపాయము ఊరిలోనే ఉన్నది. ఒక మూతలో శుద్ధమైన మెత్తని ఉప్పును పోసి, ముద్ద యగునంత మాత్రము నీటితో తడిపి, ఆర్ద్రతామాపకముతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక పగలు, ఒక రాత్రి మూసి ఉంచవలెను. డబ్బాలోని గాలి 75 శాతము దగ్గర నిలుచును. మాపకము ఎంత చూపునో చూచి తేడాను వ్రాసి పెట్టుకొనవలెను. ఉప్పుమళ్ళనుండి తెచ్చిన రాతి ఉప్పు ఈ పనికి నేరుగా పనికిరాదు, మెగ్నీషియం క్లోరైడు లెక్కను చెడగొట్టును. దానిని తేట ఉప్పునీటితో రెండు మూడు మారులు కడిగి ఆరబెట్టిన కొంతవరకు పనికివచ్చును. సోడియం క్లోరైడు అప్పటికే నిండిన నీరు గనుక ఉప్పును మరి కరగింపదు. మెగ్నీషియమును మాత్రము తనతో తీసికొనిపోవును.

విడిన దబ్బలను అంటించుకొనుటకు అదను ఉప్పు రైతులకు తెలియును. మళ్ళలో ఉప్పు పేరుకొను పొడిరోజులలో చెక్కలోని నీరు తగ్గియుండును, జిగురు బాగుగా పట్టును. తొలివానకు ముందు వారు ఉప్పుకుప్పల మీద తాటాకు కప్పుదురు. ఆ వారములోనే గిటారు పెట్టె మూత కూడ బిగించుకొనవలెను.